కుళాయి బిల్లుకూ ఒక విచారణ కావాలి

కరెంటు ధర పెంచాలంటే కర్నూలులో అందరి ముందూ లెక్క చెప్పాలి. నంద్యాల, ఆళ్లగడ్డ కుళాయిల్లో వచ్చే నీళ్ల ధరకు ఆ లెక్క ఎక్కడ?

కర్నూలు శివారులో దిన్నెదేవరపాడు రోడ్డు మీద విద్యుత్ నియంత్రణ భవన్ ఉంది. అందరూ ఈఆర్‌సీ అని పిలిచే ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి కార్యాలయం అదే. ఏటా నవంబరు చివరికల్లా కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలు ఆ మండలి ముందు ఒక లెక్క పెట్టాలి. వచ్చే ఏడాది కరెంటు కొనడానికి ఇంత, లైన్ల నిర్వహణకు ఇంత, జీతాలకు ఇంత, అప్పుల మీద వడ్డీకి ఇంత, ఇప్పుడున్న ధరలకు అమ్మితే వచ్చేది ఇంత, తక్కువ పడేది ఇంత. ఆ లెక్కను పత్రికల్లో ప్రకటించాలి. దాని మీద ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు. విచారణ రోజున పేరు పిలిచినప్పుడు లేచి మాట్లాడవచ్చు. మాట్లాడేవాళ్లు వకీళ్లు కానక్కర్లేదు, ఇంగ్లీషు రానక్కర్లేదు. వచ్చిన అభ్యంతరాలకు డిస్కం జవాబు రాసివ్వాలి. అదంతా అయ్యాకే టారిఫ్ ఉత్తర్వు, ఏప్రిల్ 1 నుంచి కొత్త ధర.

అక్కడికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో నంద్యాల. ఇంకో నలభై కిలోమీటర్లు కడప దారిలో పోతే ఆళ్లగడ్డ. ఈ రెండు ఊళ్లలో నీళ్ల ట్యాంకులు నింపే మోటార్లు నడిచేది ఆ కరెంటుతోనే. ఆ మోటారు వాడే ప్రతి యూనిట్ ధర మీదా కర్నూలులో వాదన జరుగుతుంది. అదే మోటారు ఎత్తిపోసే బిందెడు నీళ్ల ధర మీద మాత్రం ఎక్కడా జరగదు. ఇంటికొచ్చే నీటి పన్ను నోటీసులో అంకె ఉంటుంది, ఆ అంకె ఎలా వచ్చిందో ఉండదు. పెంచినప్పుడు ఎందుకు పెంచారో చెప్పరు. పెంచకుండా పదేళ్లు ఊరుకున్నప్పుడు, ఆ పదేళ్లూ పైపులు ఎవరి డబ్బుతో బాగుపడ్డాయో, అసలు బాగుపడ్డాయో లేదో కూడా చెప్పరు.

బియ్యం ధర నచ్చకపోతే పక్క కొట్టుకు పోతాం. కుళాయికి పక్క కుళాయి లేదు. ఊరంతటికీ నీళ్లిచ్చేది ఒక్కరే అయినప్పుడు, ఆ ఒక్కరు కంపెనీ అయినా మున్సిపాలిటీ అయినా, ధర చెప్పేముందు లెక్క చెప్పాలి. ప్రపంచంలో నీటి ధరల నియంత్రణ అంతా ఈ ఒక్క న్యాయం మీద నిలబడి ఉంది. ఆ న్యాయం మనకెందుకు అందలేదు, అందాలంటే ఏం చేయాలి?

లండన్ కంపెనీ తవ్విన కాలువ

నీళ్లను డబ్బుకు అమ్మడం ఈ సీమకు కొత్త కాదు. నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ పొలాలను తడిపే కేసీ (కర్నూలు–కడప) కాలువను ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది. కృష్ణా గోదావరులకు ఆనకట్టలు కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనతో 1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు ప్రాంతాల మీదుగా కడప దాకా 190 మైళ్ల కాలువ తవ్వింది. నీళ్లు పారతాయి, పడవలు నడుస్తాయి, రైతులు తీరువా కడతారు, వాటాదారులకు లాభం వస్తుంది అన్నది అంచనా.

ఆ అంచనాకు ప్రభుత్వం ఒక హామీ తోడు చేసింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా ఐదు శాతం వడ్డీ తప్పకుండా ముడుతుందని మాట ఇచ్చింది. కాలువకు రైతు వచ్చినా రాకపోయినా ఆ ఐదు శాతానికి ఢోకా లేదు. పది లక్షలు కాలువ పూర్తి కాకముందే అయిపోయాయి. మళ్లీ ప్రభుత్వమే అప్పిచ్చింది.

కంపెనీ వేసుకున్న లెక్కలో రైతు లెక్క లేదు. ఆ కాలువ పారే కుందూ నది లోయ నేల నల్లరేగడి. ఒక మంచి వాన పడితే నెలల తరబడి తేమ పట్టి ఉంచే నేల అది. జొన్న, కొర్ర, పత్తి ఆ తేమతోనే పండేవి. వాన కురిసిన ఏడు కాలువ నీళ్లకు డబ్బు కట్టాల్సిన అవసరం రైతుకు కనిపించలేదు. మెట్టను మాగాణిగా మార్చాలంటే మడులు కట్టాలి, ఎరువు వేయాలి, ఎద్దులు కావాలి. ఆ ఖర్చు ఎవరు పెడతారని లండన్‌లో ఎవరూ అడిగినట్టు లేదు. 1876–78 నాటి ధాత కరువులో మాత్రం కాలువ నీళ్ల కోసం జనం ఎగబడ్డారు. కరువు తీరాక మళ్లీ తగ్గిపోయారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ కాటన్‌ను పిలిచి, ఇలాంటి పనుల లాభనష్టాల మీద గట్టిగా ప్రశ్నించింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

నూటయాభై ఏళ్ల కిందటి ఈ కథను ఇప్పుడు గుర్తు చేయడానికి కారణం ఉంది. పెట్టుబడికి రాబడి ఖాయం చేసి, ఖర్చు మీద ప్రశ్న అడిగే మనిషిని పెట్టకపోతే ఏమవుతుందో చూపించిన తొలి పాఠాల్లో ఒకటి మన నంద్యాల పొలాల్లోనే జరిగింది. ఆ తర్వాత ఎన్నో దేశాలు ఆ మనిషిని వెతికి కుర్చీ వేసి కూర్చోబెట్టాయి. మనం కరెంటుకు కూర్చోబెట్టాం. నీళ్లకు ఇంకా లేదు.

అడిగింది ఎంత, ఇచ్చింది ఎంత

కరెంటుకు ఆ కుర్చీ ఊరికే రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టంతో 1999లో ఈఆర్‌సీ ఏర్పడింది. మరుసటి ఏడాది చార్జీలు పెరిగాయి. ఆ పెంపు మీద రగిలిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. ధరల విచారణను ఉత్త కాగితాల పనిగా చూసేవాళ్లు ఆ రోజును మరిచిపోకూడదు. లెక్క చెప్పే వేదిక పెట్టినంత మాత్రాన జనం ఒప్పుకోరు. అక్కడ చెప్పిన మాట విన్నారన్న నమ్మకం కలగాలి.

ఆ నమ్మకం పూర్తిగా కలిగిందని నేను అనను. అయినా విచారణ వల్ల ఒరిగేది ఉంది. 2022–23 సంవత్సరానికి ఇంధనం, కరెంటు కొనుగోలు సర్దుబాటు కింద డిస్కంలు సుమారు 8,114 కోట్ల రూపాయలు అడిగాయి. మండలి 2024లో ఒప్పుకున్నది సుమారు 6,073 కోట్లు. రెండు వేల కోట్లకు పైగా కోత పడింది. మిగిలిన భారం జనం మీద పడిన మాటా నిజమే, ఆ సర్దుబాటు చార్జీల మీద వీధుల్లో ఆందోళనలు జరిగిన మాటా నిజమే. కానీ అడిగింది ఎంతో, ఇచ్చింది ఎంతో, కోసింది ఎందుకో ఉత్తర్వులో రాసి ఉంది. నచ్చనివాళ్లు ఆ కాగితం పట్టుకుని పై న్యాయస్థానానికి పోవచ్చు. కుళాయి విషయంలో పట్టుకుపోవడానికి ఆ కాగితమే లేదు.

నీళ్లకు ఇలాంటి విచారణ జరిగే చోట్లు చూడాలంటే మనవాళ్లు స్థిరపడ్డ అమెరికా ఊళ్లకు పోవాలి. న్యూజెర్సీలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడ చాలా ఊళ్లకు నీళ్లిచ్చేవి ప్రైవేటు కంపెనీలు. ధర పెంచాలనుకున్న కంపెనీ రాష్ట్ర ప్రజా సేవల బోర్డు ముందు పిటిషన్ వేయాలి. ఒక ఏడాదిని ప్రమాణంగా తీసుకుని ఆ ఏడాది ఖర్చంతా పద్దుల వారీగా చూపాలి. పైపులు, ట్యాంకులు, శుద్ధి కేంద్రాల మీద తాను పెట్టిన పెట్టుబడి ఎంత, అందులో అరుగుదల పోగా మిగిలింది ఎంత, దాని మీద కోరే రాబడి ఎంత శాతం, అన్నీ విడివిడిగా చెప్పాలి. అక్కడ ఒక మంచి ఏర్పాటు ఉంది. వినియోగదారుల తరఫున వాదించడానికి ప్రభుత్వమే జీతమిచ్చి ఒక న్యాయవాదుల విభాగాన్ని పెట్టింది. వాళ్లు తమ సొంత ఇంజనీర్లతో, పద్దుల నిపుణులతో కంపెనీ లెక్కను వరస వరసా తవ్వుతారు. ఆ ఊళ్లలో బహిరంగ సభలు పెట్టి జనం మాట రికార్డు చేస్తారు. న్యూజెర్సీ అమెరికన్ వాటర్ కంపెనీ 2024 జనవరిలో ఏడాదికి 16 కోట్ల డాలర్లకు పైగా అదనపు ఆదాయం కోరింది. సెప్టెంబరులో బోర్డు ఒప్పుకున్నది 8 కోట్ల డాలర్ల లోపే.

కంపెనీకి న్యాయం చేయడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. వెస్ట్ వర్జీనియాలో బ్లూఫీల్డ్ అనే చిన్న ఊరి వాటర్‌వర్క్స్ కంపెనీ, రాష్ట్ర కమిషన్ తన ఆస్తికి మరీ తక్కువ విలువ కట్టిందని అమెరికా సుప్రీంకోర్టుకు పోయింది. 1923లో కోర్టు కంపెనీ వైపు తీర్పిచ్చింది. అంతే నష్టభయం ఉన్న ఇతర వ్యాపారాల్లో ఎంత రాబడి వస్తుందో అంత రావాలి, జూదపు లాభాలు ఆశించే హక్కు మాత్రం లేదు అన్నది ఆ తీర్పు సారం. వందేళ్లయినా అక్కడి నీటి ధరల వాదనల్లో బ్లూఫీల్డ్ పేరు వినపడుతూనే ఉంటుంది.

నియంత్రణ మండలి ఉంటే చాలు అన్నీ సర్దుకుంటాయని ఎవరైనా అంటే ఇంగ్లండ్‌ను చూపించాలి. 1989లో నీటి సంస్థలను అమ్మేసి, వాటి మీద ఆఫ్‌వాట్ అనే సంస్థను కూర్చోబెట్టారు. కంపెనీలు అప్పులు పెంచుకుంటూ పోయాయి, నదుల్లోకి మురుగు వదిలాయి. 2024 డిసెంబరులో ఆఫ్‌వాట్ 2030 నాటికి సగటు బిల్లు 36 శాతం పెరగడానికి ఒప్పుకుంది. మరుసటి ఏడాది జులైలో అక్కడి ప్రభుత్వం ఆ సంస్థనే రద్దు చేస్తామని ప్రకటించింది. ఏళ్ల తరబడి ఖర్చు తగ్గించమని అడగడమే పనిగా పెట్టుకుని, పైపు పాతబడుతోందా అని అడగడం మానేస్తే ఇలా అవుతుంది.

మన ఊళ్లో ధర ఎవరు పెడతారు

రాజ్యాంగం 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో ఐదో అంశం నీటి సరఫరా. అంటే ఇంటికీ పరిశ్రమకూ దుకాణానికీ నీళ్లివ్వడం పట్టణ పాలక సంస్థ పని. మన దగ్గర 1965 నాటి మున్సిపాలిటీల చట్టం కింద ఆ పని నడుస్తుంది. 1899లో ఏర్పడిన నంద్యాల మున్సిపాలిటీకి ఈ పనిలో శతాబ్దం దాటిన అనుభవం ఉంది. 2011 లెక్కల్లోనే ఊరి జనాభా రెండు లక్షలు దాటింది. ఆళ్లగడ్డకు పట్టణ హోదా వచ్చి అన్ని ఏళ్లు కాలేదు. అంతకుముందు అది గ్రామ పంచాయతీ.

కౌన్సిల్ తీర్మానం చేస్తే ధర ఖాయమవుతుంది. పైనుంచి రాష్ట్ర ప్రభుత్వం జీవోలు, మున్సిపల్ శాఖ మార్గదర్శకాలు వస్తాయి. 2020 నవంబరులో ఆస్తిపన్ను, నీటి, డ్రైనేజీ చార్జీలకు సంబంధించి 196, 197, 198 నంబర్ల జీవోలు వచ్చినప్పుడు రాష్ట్రమంతటా ప్రతిపక్షాలు, పౌర సంఘాలు రోడ్డెక్కాయి. ఆస్తిపన్ను మీద మున్సిపాలిటీలు ముసాయిదా నోటిఫికేషన్లు ఇచ్చి అభ్యంతరాలు తీసుకున్నాయి. వేలల్లో వచ్చాయి. వాటికి జవాబు ఎవరికి ఏమొచ్చింది? అభ్యంతరం తీసుకోవడం వేరు, విచారించి కారణాలతో ఉత్తర్వు ఇవ్వడం వేరు. మొదటిది మనకు కొంత ఉంది. రెండోది లేదు.

అమ్మేవాళ్లు, ధర పెట్టేవాళ్లు, ఆ ధర మీద ఫిర్యాదు వినేవాళ్లు ఒక్కరే కావడం ఇక్కడి అసలు చిక్కు. కౌన్సిలర్లు జనం ఎన్నుకున్నవాళ్లే కదా, వేరే విచారణ ఎందుకు అనవచ్చు. ఆ మాటలో బలం ఉంది. కానీ ఎన్నికలు దగ్గరపడితే ఏ కౌన్సిలూ నీటి చార్జీ జోలికి పోదు. ఎన్నికలు దాటాక ఒక్కసారిగా పెంచుతుంది. పాలకవర్గం లేనప్పుడు ప్రత్యేకాధికారి సంతకంతోనే పని జరిగిపోతుంది. ధర రాజకీయ క్యాలెండర్ ప్రకారం కదులుతుంది, ఖర్చు ప్రకారం కదలదు.

పొరుగున బెంగళూరులో ఏం జరిగిందో నంద్యాల నుంచి అక్కడికి పోయి ఐటీ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లందరికీ తెలుసు. 2014 తర్వాత పదేళ్లకు పైగా అక్కడి జలమండలి ధర పెంచలేదు. 2025 ఏప్రిల్‌లో ఇళ్లకు లీటరుకు 0.15 పైసల నుంచి ఒక పైసా దాకా పెంచి, ఇక మీదట ఏటా మూడు శాతం పెరుగుతుందని చెప్పారు. పదేళ్లు ముట్టుకోకపోవడం ఔదార్యం కాదు. ఆ పదేళ్లలో కారిన పైపులు, అడుగంటిన బోర్లు, ట్యాంకర్లకు పోసిన డబ్బు కూడా జనం కట్టిన ధరే.

నీటికి నియంత్రణ మండలి ఆలోచన మన దేశంలో లేక కాదు. మహారాష్ట్ర 2005లో జలవనరుల నియంత్రణ మండలి పెట్టి, 2011లో టోకు నీటి ధరల ఉత్తర్వు ఇచ్చింది. పదమూడో ఆర్థిక సంఘం జలవనరుల రంగానికి 5,000 కోట్ల గ్రాంటు ఇస్తూ ఇలాంటి మండళ్లు పెట్టాలని షరతు పెట్టింది. 2012 జాతీయ జల విధానం ప్రతి రాష్ట్రం పెట్టుకోవాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా 2009లో జలవనరుల నియంత్రణ మండలి చట్టం చేసింది. సాగునీటి ప్రాజెక్టుల నిర్వహణకు ఎంత కావాలో తేల్చడం దాని పనుల్లో ఒకటి. చట్టం పుస్తకంలో ఉంది. నంద్యాల కుళాయి బిల్లు ఆ చట్టం ముందు నిలబడి ఎరగదు.

సాగునీటి సంగతి ఇంకా సూటిగా చెప్పవచ్చు. 1996లో నీటి తీరువా ఒక్క దెబ్బతో పెంచి, పెద్ద ప్రాజెక్టుల కింద మొదటి వరి పంటకు ఎకరాకు 200 రూపాయలు చేశారు. మరుసటి ఏడాదే చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. వసూలైన దాంట్లో కాలువ బాగు కోసం సంఘాలకు వాటా అన్నారు. కట్టిన డబ్బు తమ కాలువకే తిరిగొస్తుందని చెప్పిన ఆ ఆలోచన చాలా మంచిది. దాన్ని బతికించుకోలేకపోవడం నాకు బాధ.

ఒక ఊరి లెక్క వేసి చూద్దాం

విచారణలో జరిగే పని అర్థం కావాలంటే ఒక ఊరిని ఊహించుకుందాం. నలభై వేల కుళాయిలు. నీళ్లు తేవడం, శుద్ధి చేయడం, పంచడం, జీతాలు, మరమ్మతులు కలిపి ఏడాదికి 12 కోట్లు. భాగిస్తే కుళాయికి ఏడాదికి మూడు వేలు, నెలకు 250. ఈ అంకెలన్నీ ఊహకే, ఏ ఊరివీ కావు.

ఇప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఆ నలభై వేలలో బిల్లు కట్టేది ముప్పై వేలే అనుకుందాం. అందరి ఖర్చూ వాళ్ల మీదే వేస్తే నెలకు 333 అవుతుంది. కట్టనివాళ్లలో ప్రభుత్వ కార్యాలయాలు ఎన్ని? వాటి బకాయిలు సామాన్యుడి బిల్లులో కలపవచ్చా? లెక్కకు రాని దొంగ కనెక్షన్లు ఎనిమిది వేలు దొరికితే, అందరూ కట్టే పక్షంలో నెలకు 208కి దిగుతుంది. అంటే ధర పెంచడానికి ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. అది చేశారా లేదా అని అడిగేది విచారణ.

తర్వాత కారే నీళ్లు. కేంద్రం 2008లో ఇచ్చిన సేవా ప్రమాణాల ప్రకారం లెక్కకు రాకుండా పోయే నీళ్లు 20 శాతానికి మించకూడదు, ప్రతి కుళాయికీ మీటరు ఉండాలి, మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలి, నిర్వహణ ఖర్చు నూటికి నూరు చార్జీల నుంచే రావాలి. ఈ నాలుగింటిలో చివరిదాన్ని పట్టుకుని ధర పెంచమనడం తేలిక. మొదటి మూడింటి గురించి కూడా అదే రోజు, అదే గదిలో చెప్పమని అడగాలి. మీటర్లే లేని ఊళ్లో ఎంత కారుతోందో ఎవరు చెప్పగలరు? అరంగుళం కుళాయికి నెలకు ఇంత అని ఒకే ధర వేస్తే, సంపు నిండా పట్టుకునే మేడ ఇల్లూ, రెండు బిందెలకు వంతు చూసుకునే రేకుల ఇల్లూ ఒకటే కడతాయి.

కరెంటు పద్దు ఇంకా వివరంగా చూడాలి. వెయ్యి లీటర్ల నీళ్లను వంద మీటర్ల ఎత్తుకు ఎత్తడానికి శాస్త్రం ప్రకారం కావాల్సింది 0.27 యూనిట్. పంపూ మోటారూ కలిసి 60 శాతం సామర్థ్యంతో నడిస్తే 0.45 యూనిట్. పాతబడి 40 శాతానికి పడిపోతే 0.68. తేడా అంతా నెలనెలా బిల్లులో కలుస్తుంది. పంపు మార్చడానికి పెట్టే డబ్బు ఎన్నాళ్లలో తిరిగొస్తుందో ఒక కాగితం మీద వేసి చూపించగలిగిన ఇంజనీరు మున్సిపాలిటీలో తప్పకుండా ఉంటాడు. ఆయన్ను ఎవరూ అడగడం లేదు.

మరో పెద్ద పద్దు, ఎవరి డబ్బుతో కట్టారు అన్నది. పట్టణాల నీటి పనులకు కేంద్రం గ్రాంట్లిచ్చే అమృత్ పథకం 2015లో మొదలైంది, అందులో నంద్యాల ఉంది. 2021 నాటి రెండో విడతను పట్టణాలన్నింటికీ వర్తింపజేశారు. న్యూజెర్సీలో ప్రజల సొమ్ముతో వేసిన పైపు మీద కంపెనీకి రాబడి లెక్కించరు. పన్ను రూపంలో ఒకసారి కట్టిన డబ్బును బిల్లు రూపంలో మళ్లీ కట్టించకూడదు కాబట్టి. మనకూ అదే వర్తించాలి. అయితే ముప్పై ఏళ్ల తర్వాత ఆ పైపు మార్చాల్సి వస్తుంది, అప్పటికి గ్రాంటు వస్తుందో రాదో. కాబట్టి ఏటా కొంత విడిగా నిల్వ పెట్టాలి, ఆ నిల్వను జీతాలకూ పండుగ ఏర్పాట్లకూ వాడకూడదు. ఇంత వివరంగా చెప్పి, ఇందుకు నెలకు ఇరవై రూపాయలు ఎక్కువ కావాలంటే జనం కాదంటారని నేను అనుకోను.

ఎందుకంటే జనం ఇప్పుడే అంతకంటే చాలా ఎక్కువ కడుతున్నారు. వీధి చివర ప్లాంటులో ఇరవై లీటర్ల క్యాను పది రూపాయలకు తెచ్చుకున్నా, వెయ్యి లీటర్లకు 500 రూపాయలు పడుతుంది. వేసవిలో ట్యాంకరు ఖర్చు దానికి అదనం. ఊరి నీటి ఖర్చులో అన్నింటికంటే ఖరీదైన లీటరు ఇదే. దీని ధర మీద ఏ మండలికీ అధికారం లేదు, దీని నాణ్యత చూసే నాథుడూ తరచు ఉండడు. కుళాయి నీళ్లలో క్లోరిన్ చివరి ఇంటి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రమాణం. ఆ పరీక్ష ఫలితాన్ని వీధిలో బోర్డు మీద రాస్తే, నమ్మకం కుదిరి, క్యాను కొనడం తగ్గితే, పేద ఇంటికి మిగిలే డబ్బు ఏ ఉచిత పథకంలోనూ మిగలదు. కుళాయి బలహీనపడిన కొద్దీ క్యాను బలపడుతుంది. చార్జీలు పెంచొద్దు అని మాత్రమే నినదించే మిత్రులు ఈ సంగతి కూడా పట్టించుకోవాలి.

ఆళ్లగడ్డకు వేరే చిక్కు

నంద్యాలకు కుదిరే లెక్క ఆళ్లగడ్డకు కుదరదు. శుద్ధి కేంద్రానికి ఒక కెమిస్టు కావాలి. ఊళ్లో రెండు లక్షల మంది ఉన్నా ఒకరే, దానికంటే ఎంతో తక్కువ మంది ఉన్నా ఒకరే. ఆలం, క్లోరిన్, ఆపరేటర్ల షిఫ్టులు, జనరేటరు, ఇవన్నీ చిన్న ఊళ్లో తక్కువ కుళాయిల మీద పంచుకోవాల్సిన ఖర్చులు. దానికి తోడు ఊళ్లో రాతి విగ్రహాలు చెక్కే శిల్పుల షెడ్లకు నీళ్లు కావాలి, అహోబిలం పోయే యాత్రికులు ఊరి మీదుగానే పోతారు. ఖర్చును బట్టి ధర అని మొండిగా కూర్చుంటే ఆళ్లగడ్డ ఇంటికి నంద్యాల ఇంటి కంటే ఎక్కువ బిల్లు రావాలి.

కరెంటులో ఇలా జరగదు. రాష్ట్రంలోని మూడు డిస్కంల ఖర్చులు వేరైనా ఇంటి కరెంటుకు విశాఖపట్నంలోనూ ఆళ్లగడ్డలోనూ ఒకటే టారిఫ్. తేడాను ప్రభుత్వం సబ్సిడీతో సరిచేస్తుంది. ఆ సబ్సిడీ ఎంతో ముందే చెప్పాలని, ముందే చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ అంటుంది. నీళ్లకూ ఇలాంటిదే కావాలి. జిల్లాలోని పట్టణాలన్నింటినీ ఒక లెక్కలోకి తెచ్చి, చిన్న ఊళ్లకు ప్రభుత్వం ఎంత సాయం చేస్తుందో బడ్జెట్‌లో రాసి చెప్పాలి. ఇప్పుడు ఆ సాయం గ్రాంటు వచ్చిన ఏడు వస్తుంది, రాని ఏడు పంపు మరమ్మతు ఆగిపోతుంది.

ఆళ్లగడ్డ ప్రాంతం మీదుగా తెలుగుగంగ కాలువ పోతుంది. 16.95 టీఎంసీల వెలుగోడు జలాశయం నుంచి బయల్దేరిన ఆ నీళ్లు బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి చెన్నై ఇళ్లకు చేరతాయి. 1983 ఒప్పందం కింద చెన్నైకి 12 టీఎంసీలు. ఆ కాలువకు ఎవరెంత ఖర్చు భరించాలో రెండు రాష్ట్రాలు కూర్చుని రాసుకున్నాయి. రెండు ప్రభుత్వాల మధ్య చేయగలిగిన పని ఒక మున్సిపాలిటీకీ దాని ప్రజలకూ మధ్య చేయలేమా?

నవంబరు నుంచి మార్చి దాకా

కొత్త భవనం, కొత్త చైర్మన్, కొత్త కార్లు అక్కర్లేకుండానే ఇది మొదలుపెట్టవచ్చు. ఈఆర్‌సీ క్యాలెండర్ మన కళ్లముందే ఉంది. నవంబరులో మున్సిపాలిటీ తన నీటి పద్దును విడిగా తీయాలి. ఇప్పుడది సాధారణ పద్దుల్లో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఇదే అన్నింటికంటే కష్టమైన పని, అన్నింటికంటే ముఖ్యమైన పని కూడా. ఆ పద్దును తెలుగులో అచ్చువేసి ప్రతి వార్డు సచివాలయంలో పెట్టాలి. నీటి సరఫరా చూసే ఎమినిటీస్ కార్యదర్శి అక్కడే ఉంటారు, అడిగినవాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలరు.

జనవరిలో విచారణ. మున్సిపాలిటీతో సంబంధం లేని ముగ్గురు చాలు. ఒక రిటైర్డ్ న్యాయాధికారి, ఒక ప్రజారోగ్య ఇంజనీరు, ఒక పద్దుల నిపుణుడు. జిల్లాలోని పట్టణాలన్నింటికీ వాళ్లే వింటారు, నంద్యాలలో ఒకరోజు, ఆళ్లగడ్డలో ఒకరోజు. సాయంత్రం పూట పెట్టాలి, కూలికి పోయేవాళ్లు రాగలగాలి. బిందెలు మోసేది ఆడవాళ్లు కాబట్టి పొదుపు సంఘాలకు ముందుగా కబురు పెట్టాలి. వినియోగదారుల తరఫున లెక్క చదివి ప్రశ్నించడానికి ఒక మనిషికి ప్రభుత్వం ఫీజు ఇవ్వాలి. న్యూజెర్సీ నుంచి మనం తెచ్చుకోవాల్సింది ముఖ్యంగా ఇదే. సామాన్యుడికి మాట్లాడే హక్కు ఇచ్చి, అవతలి వైపు పద్దుల నిపుణులను కూర్చోబెడితే ఆ హక్కు నిలవదు.

మార్చిలో ఉత్తర్వు. ఒప్పుకున్న ఖర్చు, ఒప్పుకోని ఖర్చు, రెండింటికీ కారణాలు రాయాలి. పెంచితే, పెంచిన డబ్బుతో ఏ వీధిలో ఏ పైపు మారుతుందో రాయాలి. మరుసటి జనవరి విచారణ ఆ పేరా చదవడంతో మొదలుకావాలి. మారని పైపు ఉంటే దాని డబ్బు తర్వాతి బిల్లులో తగ్గించాలి.

చట్టం మార్చాలా అంటే, విచారణ జరపడానికి అక్కర్లేదు. కౌన్సిల్ తీర్మానం చాలు, ఆ ముగ్గురి మాటను కౌన్సిల్ సిఫారసుగా తీసుకోవచ్చు. కట్టుబడాలంటే మాత్రం 1965 చట్టానికి సవరణ కావాలి, లేదా 2009 చట్టాన్ని పట్టణ నీళ్లకూ విస్తరించాలి. అది అసెంబ్లీ పని. దానికోసం ఎదురుచూడకుండా నంద్యాల కౌన్సిల్ ముందుగా తన నీటి పద్దును విడదీసి బయట పెట్టవచ్చు. అందులో మొదటి పేజీలో నాలుగు అంకెలు ఉంటే చాలు. రోజుకు ఎన్ని లీటర్లు ఎత్తాం, ఎన్ని లీటర్లు ఇళ్లకు చేరాయి, ఎంత ఖర్చయింది, ఎవరు ఎంత బాకీ ఉన్నారు.